సొంత మాటే కొలత అయినప్పుడు

జెండర్ గుర్తింపు అంటే ఒక మనిషి తనను తాను ఆడ అనో, మగ అనో, ఈ రెంటిలో ఏదీ కాదనో లోలోపల ఎరిగి ఉండటం. ఈ భావనను 1964లో వైద్యసాహిత్యంలో ప్రవేశపెట్టిన వారిలో ముఖ్యుడు అమెరికన్ మనోవిశ్లేషకుడు రాబర్ట్ స్టోలర్. పుట్టినప్పుడు శరీరం చూసి ఆస్పత్రిలో రాసినదానికీ ఈ లోపలి ఎరుకకూ పొంతన లేనివాళ్లను ట్రాన్స్‌జెండర్ అంటున్నారు. బడి ఈడు పిల్లల్లో అలాంటివాళ్లు ఎంతమంది, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, తోటివాళ్లు ఏడిపిస్తున్నారా, చదువు మానేస్తున్నారా అన్న సంగతులు తెలుసుకోవడానికి కొన్ని దేశాల్లో విద్యార్థుల సర్వేలు ఇప్పుడు నేరుగా వాళ్లనే అడుగుతున్నాయి. ఎత్తుకు టేపు ఉంది, రక్తహీనతకు పరీక్ష ఉంది. జెండర్ గుర్తింపుకు ఉన్న పరికరమల్లా ప్రశ్న, దొరికే కొలతల్లా జవాబు. ఆ జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి చెప్పినవాళ్ల మాటను మించిన ఆధారం మరొకటి లేదు. గణాంకాలవాళ్ల పనిగా మొదలైన ఈ వ్యవహారం అందుకే తత్వశాస్త్రం గడప తొక్కింది. తన గురించి తాను చెప్పుకునే మాటపై మనిషికి ఎంత అధికారం ఉంది? ఆ మాట లోపల ముందునుంచీ ఉన్నదాన్ని బయటపెడుతుందా, లేక అడిగినందువల్ల కొంత కొత్తగా రూపు కడుతుందా? జవాబు చెప్పేది పద్నాలుగేళ్ల పిల్లలైతే చిక్కు రెట్టింపవుతుంది.

మాటను పక్కనపెట్టి శరీరాన్ని పరీక్షించడం పాతకాలపు పద్ధతి. సంస్కృత విరాటపర్వంలో బృహన్నల వేషంలో వచ్చిన అర్జునుణ్ణి మత్స్యరాజు విరాటుడు ఊరికే నమ్మడు. ఆడవాళ్లచేత పరీక్ష చేయించి, రూఢి అయ్యాకే కూతురు ఉత్తరకు ఆటపాటలు నేర్పడానికి అంతఃపురంలోకి పంపుతాడు. బృహన్నల తనను తాను ఏమని ఎరిగి ఉన్నదో రాజుకు అక్కర్లేదు. కన్యాంతఃపురానికి ముప్పు లేదన్న భరోసా దొరికితే ఆయనకు చాలు. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరజాతుల చట్టం రెండో భాగం కూడా ఇదే బాట పట్టింది. నపుంసకత్వం ఉందని తానే ఒప్పుకున్న పురుషుడు, లేదా వైద్యపరీక్షలో అలా తేలిన పురుషుడు ఆ చట్టం పరిధిలోకి వస్తాడు. సొంత మాటకు అక్కడా చోటుంది గానీ, అది నేరం ఒప్పుకోలుకు ఉండే చోటు. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఇదే అచ్చులో ఒక చట్టం వచ్చింది. నేరాల అనుమానం ఉన్న నపుంసకుల పేర్లతో, నివాసాలతో ఒక రిజిస్టరు పెట్టాలన్నది. ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చన్నది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసేదాకా అది కాగితం మీద బతికే ఉంది. ఈ నేల మీద ఇలాంటివాళ్లను పోలీసు దస్త్రంలో లెక్కపెట్టారు. ప్రభుత్వం పేరు చెప్పి ఎవరైనా కాగితం పట్టుకొస్తే జంకడానికి ఈ ఒక్క చరిత్రే చాలు.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు ఈ వరసను తలకిందులు చేసింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, శస్త్రచికిత్స చేయించుకున్నావా అని పట్టుబట్టడం చెల్లదని చెప్పింది. న్యాయస్థానం హక్కుగా ఇచ్చిన సొంత మాటను అదే కాలంలో వేరే దేశాల పరిశోధకులు కొలతగా వాడటం మొదలుపెట్టారు. హక్కుకు పనికొచ్చేదల్లా కొలతకు పనికిరావాలని ఏమీ లేదు. ఇబ్బందంతా ఈ తేడా దగ్గరే ఉంది.

న్యూజిలాండ్‌లో 2012లో సెకండరీ స్కూలు పిల్లల ఆరోగ్యంపై జరిగిన సర్వేలో ఎనిమిది వేల పైచిలుకు విద్యార్థులు పాల్గొన్నారు. అబ్బాయిగా పుట్టవలసిందని అనిపించే అమ్మాయి, అమ్మాయిగా పుట్టవలసిందని అనిపించే అబ్బాయి అని ముందు వివరించి, నువ్వు అలాంటి ట్రాన్స్‌జెండర్‌వి అనుకుంటున్నావా అని అడిగారు. ఉదాహరణలుగా మావోరీల 'వకవహినే', 'తంగత ఇరా తానె', సమోవన్ల 'ఫఅఫఫినే' అన్న మాటలు కూడా అక్కడే రాశారు. అవునన్నవాళ్లు 1.2 శాతం, ఏమో తెలియదన్నవాళ్లు 2.5 శాతం, ప్రశ్నే అర్థం కాలేదన్నవాళ్లు 1.7 శాతం. రూఢిగా చెప్పినవాళ్లకంటే సందేహంలో ఉన్నవాళ్లు రెట్టింపు ఉన్నారన్నమాట. ఈ సర్వే గొప్పతనం ఆ సందేహానికి విడిగా ఒక గడి ఇవ్వడంలో ఉంది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2016లో తొమ్మిదో, పదకొండో తరగతి పిల్లలను అడిగిన తీరు వేరు. నువ్వు ట్రాన్స్‌జెండర్, జెండర్‌క్వీర్ (ఆడ, మగ చట్రంలో ఇమడనివాళ్లు), జెండర్‌ఫ్లూయిడ్ (జెండర్ మారుతూ ఉండేవాళ్లు) అనుకుంటున్నావా, లేక నీ జెండర్ గురించి సందేహంలో ఉన్నావా అని అన్నిటినీ ఒకే ప్రశ్నలో కూర్చి, అవును కాదు అని రెండే గడులు పెట్టారు. సుమారు 81 వేలమందిలో 2.7 శాతం అవునన్నారు. ఆ 2.7లో నిశ్చయం ఎంత, సందేహం ఎంత అన్నది ఇక ఎవరూ విడదీయలేరు. 2017లో పది రాష్ట్రాలు, తొమ్మిది పెద్ద నగరాల్లో హైస్కూలు పిల్లలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అడిగినప్పుడు మళ్లీ నాలుగు గడులు వచ్చాయి: కాదు, అవును, తెలియదు, ఈ ప్రశ్న ఏమడుగుతోందో అర్థం కాలేదు. అవును 1.8 శాతం, తెలియదు 1.6 శాతం, అర్థం కాలేదు 2.1 శాతం. ఆ సంస్థే 2023లో మొదటిసారి దేశమంతటికీ వర్తించేలా అడిగితే అవునన్నవాళ్లు 3.3 శాతం, సందేహంలో ఉన్నవాళ్లు 2.2 శాతం.

నేరుగా ట్రాన్స్‌జెండర్ అన్న మాటతో అడగడంలో ఒక లోపం ముందే బయటపడింది. అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా బతుకుతున్న పిల్లాడు తనను అబ్బాయి అనే అనుకుంటాడు. ట్రాన్స్ అన్న మాట తనది కాదని వదిలేయవచ్చు. అందుకని రెండు మెట్ల పద్ధతి వచ్చింది. పుట్టినప్పుడు ధ్రువపత్రంలో ఏమని రాశారో మొదట అడుగుతారు, ఇప్పుడు నిన్ను నువ్వు ఏమనుకుంటున్నావో తర్వాత అడుగుతారు. రెంటికీ తేడా ఉంటే ఆ మనిషి లెక్కలోకి వస్తాడు. పెద్దల సర్వేలకు ఇదే మేలైన పద్ధతని అమెరికా నేషనల్ అకాడమీస్ 2022 నివేదిక సిఫారసు చేసింది. పిట్స్‌బర్గ్ నగర పాఠశాలల్లో 2018లో ఈ రెండు మెట్ల పద్ధతినే వాడి, రెండో ప్రశ్నకు అమ్మాయి, అబ్బాయి, ట్రాన్స్ అమ్మాయి, ట్రాన్స్ అబ్బాయి, జెండర్‌క్వీర్, నాన్‌బైనరీ (ఆడ, మగ అన్న రెంటికే పరిమితం కానివాళ్లు), ఇంకేదైనా అని గడులిచ్చి, ఎన్నింటికైనా టిక్కు పెట్టవచ్చన్నారు. తేడా కనబడినవాళ్లు 9.2 శాతం వచ్చారు.

ఇక్కడ జరిగినదాన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఒక విద్యార్థి మొదటి ప్రశ్నకు ఆడ అని, రెండోదానికి అమ్మాయి, నాన్‌బైనరీ అని రెండు గడుల్లోనూ టిక్కు పెట్టిందనుకుందాం. తాను ట్రాన్స్‌జెండర్‌నని ఆ పిల్ల ఎక్కడా అనలేదు. రెండు జవాబులను పక్కపక్కన పెట్టి ఆ వర్గంలో చేర్చింది పరిశోధకుడు. సొంత మాటకు పెద్దపీట వేస్తున్నామని చెప్పే పద్ధతిలోనే చివరి మాట పరిశోధకుడిది అయింది. ఇది తప్పనడం కష్టం. లెక్క ఎక్కడో ఒకచోట తెగాలి కదా. కాని 9.2 శాతం పిల్లలు ట్రాన్స్ అని పత్రికల్లో శీర్షిక వస్తే, ఆ పిల్లలు ఎన్నడూ అనని మాట వాళ్ల నోట పెట్టినట్టే.

1.2, 1.8, 2.7, 9.2: వీటిలో నిజం ఏది? ఒక జవాబు భౌతికశాస్త్రం నుంచి వస్తుంది. పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1927లో ఒక భావనకు అర్థం దాన్ని కొలిచే చర్యలలోనే ఉంటుందన్నాడు. ఆ లెక్కన నాలుగు ప్రశ్నలు నాలుగు వేర్వేరు భావనలను కొలిచాయి, తగువే లేదు. తగువు లేనంత సుఖంగానే దానివల్ల ఉపయోగమూ లేదు. పిల్లల జీవితం గురించి ఏదో తెలుసుకుందామనే సర్వేలు చేస్తున్నారు, ప్రశ్నాపత్రం గురించి తెలుసుకోవడానికి కాదు. దీనికి ఎదురు కొసన ఉన్నది ఇంకో నమ్మకం. ప్రతి మనిషి లోపలా జెండర్ అనే స్థిరమైన వాస్తవం ఒకటి ఉందని, మంచి ప్రశ్న దాన్ని తోడితీస్తుందని, చెడ్డ ప్రశ్న కలగాపులగం చేస్తుందని. ఈ రెంటికీ నడుమ 1955లో క్రోన్‌బాక్, మీల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక దారి వేశారు. కంటికి కనబడని గుణాన్ని కొలిచామా లేదా అన్నది ఆ కొలత మిగతా సంగతులతో ఎలా ముడిపడుతుందో చూసి తేల్చాలన్నారు. ట్రాన్స్‌జెండర్ అని చెప్పిన పిల్లల్లో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు, వేధింపులు ఎక్కువగా ఉన్నట్టు ఒక సర్వే తర్వాత మరొకటి చూపించింది. కాబట్టి ప్రశ్న దేన్నో పట్టుకుంటోందని అంటారు. వాదన సబబే గానీ అందులో ఒక ఉచ్చు ఉంది. బాధే కొలతకు సాక్ష్యం అయితే, ఇంట్లో అమ్మానాన్నలు అర్థం చేసుకుని, బళ్లో ఎవరూ ఏమీ అనక, హాయిగా చదువుకుంటున్న ట్రాన్స్ పిల్లవాడు కొలతలో దొర్లిన తప్పులా కనిపిస్తాడు. క్లినిక్కుల్లో వాడే స్కేళ్లకు, 1997లో వచ్చిన యూట్రెక్ట్ జెండర్ డిస్ఫోరియా స్కేలుతో సహా, ఈ ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. అవి కొలిచేది గుర్తింపును కాదు, గుర్తింపు వల్ల కలిగే వేదనను.

లోపలిదీ బయటిదీ వేరుచేసి చూడటం ఆధునికుల సొత్తేమీ కాదు. జైనుల కర్మసిద్ధాంతం శరీర చిహ్నాలను ద్రవ్యం వైపు, లోపలి ప్రవృత్తిని భావం వైపు పెట్టింది. మోహనీయ కర్మ వల్ల కలిగే స్త్రీవేదం, పుంవేదం, నపుంసకవేదం అనే మూడు ప్రవృత్తులు శరీరానికి అనుగుణంగానే ఉండాలని లేదన్నది. స్త్రీకి మోక్షం ఉందా అన్న పాత వాదంలో ఇది పెద్ద ఆయుధమైంది. శాస్త్రంలో స్త్రీకి సిద్ధి చెప్పినచోటల్లా అక్కడున్నది భావస్త్రీ, అంటే స్త్రీవేదం గల పురుషుడు, అని దిగంబరులు సర్దిచెప్పారు. 9వ శతాబ్దంలో జైనుల్లోనే యాపనీయ శాఖకు చెందిన ఆచార్యుడు శాకటాయనుడు స్త్రీనిర్వాణప్రకరణంలో దీన్ని ఒప్పుకోలేదు. లోకంలో అందరూ స్త్రీ అనేదాన్ని వదిలేసి కొత్త అర్థం తగిలించడం కుదరదన్నాడు. ఈ యాపనీయులు తెలుగు నేలకు పరాయివాళ్లు కారు, తూర్పు చాళుక్యుడు రెండో అమ్మరాజు దానశాసనంలో వాళ్ల సంఘం పేరుంది. వేదం అన్నది ప్రధానంగా కోరికకు సంబంధించిన మాట, నేటి జెండర్ గుర్తింపుతో అతికించేస్తే రెండూ చెడతాయి. అయినా, రెండు కొలబద్దలు వేరైనప్పుడు మనిషిని ఏ పేరుతో పిలవాలో ఎవరు నిర్ణయించాలి అన్న తగువు మాత్రం వెయ్యేళ్లకు పైగా పాతది. ఆ తగువులో ఆడవాళ్లను ఎవరూ అడిగినట్టు లేదన్నది వేరే సంగతి.

సొంత మాటకున్న అధికారం ఎలాంటిదో అమెరికన్ తత్వవేత్త టాలియా బెట్చర్ 2009లో వివరంగా చర్చించింది. తనలో ఏముందో తనకే బాగా తెలుస్తుందన్నది జ్ఞానానికి సంబంధించిన అధికారం. అది ఎప్పుడూ నిలబడదు. మనుషులు తమను తామే మోసం చేసుకుంటారు, పొరబడతారు, తమ మనసు తమకే ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె చూపించింది నైతికమైన అధికారం. నేను ఫలానా అని ఒకరు మనస్ఫూర్తిగా ప్రకటిస్తే, కాదు నువ్వు ఇంకోటి అనడం వాళ్ల స్థానంలో నిలబడి వాళ్ల మాట మనం ఆడటమే అవుతుంది. ఈ విభజన సర్వేలకు చాలా అవసరం, దాన్ని సర్వేలవాళ్లు పట్టించుకున్నది మాత్రం తక్కువ. ఎదుటి మనిషి మాటను గౌరవించడం ఒకటి, వేలమంది పెట్టిన టిక్కులు కూడితే వచ్చే అంకెను నమ్మడం మరొకటి. మనస్ఫూర్తిగా పలికిన మాటకే నైతిక అధికారం వర్తిస్తుంది. ప్రశ్న సరిగా చదవక పెట్టిన టిక్కుకు, పక్క బెంచీవాణ్ణి నవ్వించడానికి పెట్టిన టిక్కుకు అది వర్తించదు. అంకెను శంకించినవాళ్లంతా ట్రాన్స్ పిల్లలను శంకిస్తున్నారనుకోవడం, ఆ పిల్లలను గౌరవించేవాళ్లు ప్రతి అంకెనూ మోయాలనుకోవడం, రెండూ ఈ తేడా మరిచినందువల్ల వచ్చే పొరపాట్లే.

కోతిచేష్టలు నిజంగానే ఉన్నాయి. అమెరికాలో యాడ్ హెల్త్ అనే పెద్ద అధ్యయనంలో బళ్లో నింపిన కాగితాల్లో కృత్రిమ కాళ్లూ చేతులూ ఉన్నాయన్న పిల్లల్ని తర్వాత ఇంటికెళ్లి చూస్తే దాదాపు అందరికీ అన్నీ సొంతవే. అరుదైన గుంపును లెక్కపెట్టేటప్పుడు ఇది ఎంత దెబ్బతీస్తుందో చిన్న లెక్కలో తేలుతుంది. వెయ్యిమంది విద్యార్థుల్లో నిజంగా ట్రాన్స్ పిల్లలు పదిమంది అనుకుందాం. ఇద్దరు భయపడి దాచిపెట్టారు, ఎనిమిదిమంది చెప్పారు. మిగిలిన 990 మందిలో నూటికొక్కరు సరదాకో పొరపాటునో అవునన్నా దాదాపు మరో పదిమంది. చివరికి చేతికొచ్చిన పద్దెనిమిది కాగితాల్లో సగానికి పైగా వేరేవాళ్లవి. మొత్తం సంఖ్య పెరగడం ఒక నష్టమైతే, ఆకతాయిలు మిగతా ప్రశ్నలకు కూడా తాగుతాం, కొడతాం, దొంగిలిస్తాం అని రాస్తారు కాబట్టి ట్రాన్స్ పిల్లలు నిజంగా ఉన్నదానికంటే చెడిపోయినవాళ్లుగా కనబడటం ఇంకో నష్టం. జోసెఫ్ సింపియన్ వంటి పరిశోధకులు నమ్మశక్యం కాని జవాబులు వరసగా ఇచ్చిన కాగితాలను ఏరేసే పద్ధతులు తయారుచేశారు. ఏరివేతలోనూ జాగ్రత్త కావాలి. అట్టడుగున ఉన్న పిల్లల జీవితాల్లో నమ్మశక్యం కానివి నిజంగానే జరుగుతాయి.

పొరపాటు వల్ల ఏమవుతుందో చూపడానికి ఇంగ్లండ్, వేల్స్ 2021 జనగణన ఉంది. పదహారేళ్లు దాటినవాళ్లను, మీరు చెప్పుకునే జెండర్, పుట్టినప్పుడు నమోదైన లింగం ఒకటేనా అని అడిగారు. కాదన్నవాళ్లు 2,62,000 మంది, 0.5 శాతం. జిల్లాలవారీగా చూస్తే అందరికంటే ముందున్నవి లండన్‌లోని న్యూహామ్, బ్రెంట్. రెండూ దక్షిణాసియా నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లలో కాదు అన్న జవాబు అనుమానం కలిగించేంత ఎక్కువగా ఉంది. ప్రశ్న మెలిక తిరిగి ఉండటంతో కొంతమంది బోల్తాపడ్డారన్న విమర్శ బలపడి, 2024లో ఈ అంకెలకున్న అధికారిక గుర్తింపును తగ్గించి, ఇంకా అభివృద్ధిలో ఉన్న గణాంకాలుగా మార్చారు. స్కాట్లాండ్ 2022 జనగణన ట్రాన్స్ అన్న మాట వాడి సూటిగా అడిగింది. అక్కడ వచ్చింది 0.44 శాతం.

పిల్లల విషయంలో కాలం మరో మెలిక. నెదర్లాండ్స్‌లో ట్రెయిల్స్ అనే అధ్యయనం 2,772 మందిని పదకొండేళ్ల నుంచి ఇరవై ఆరేళ్ల దాకా వెంబడించింది. అవతలి లింగంగా ఉంటే బాగుండుననిపిస్తుంది అన్న వాక్యానికి పదకొండేళ్లప్పుడు 11 శాతం ఎంతో కొంత ఔనన్నారు, ఇరవై ఆరేళ్లకు 4 శాతం. మరోపక్క అమెరికాలో క్రిస్టీనా ఓల్సన్ బృందం, చిన్నప్పుడే పేరూ సర్వనామమూ మార్చుకుని కొత్త జెండర్‌లో బతుకుతున్న 317 మంది పిల్లలను ఐదేళ్ల తర్వాత చూస్తే 94 శాతం తాము ట్రాన్స్ అమ్మాయిలమో ట్రాన్స్ అబ్బాయిలమో అనే చెప్పారు. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి కొట్లాడేవాళ్లు ఉన్నారు. మొదటిది అందరు పిల్లల్లో ఒక కోరికను అడిగింది, రెండోది అప్పటికే అడుగువేసినవాళ్ల గుర్తింపును అడిగింది. అమ్మాయిగా పుట్టినందుకు రాత్రిపూట బయట తిరగలేకపోతున్నానని ఏడ్చే పదకొండేళ్ల పిల్ల కూడా మొదటి వాక్యానికి ఔననవచ్చు. కాలంతోపాటు జవాబు మారితే మొదటి జవాబు అబద్ధమని తీర్పు చెప్పడానికీ లేదు. పన్నెండేళ్లప్పుడు తనకు తాను ఎలా అర్థమయ్యాడో అది ఆ రోజుకు నిజం.

అడగడమే పిల్లల్ని మారుస్తుందా అన్న భయం కొందరు తల్లిదండ్రులకు ఉంది. కెనడా తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ 1986లో దీని గురించే ఇంకాస్త లోతుగా ఆలోచించాడు. క్వార్క్ అనే సూక్ష్మకణానికి మనం ఏ పేరు పెట్టినా దానికి తెలియదు. మనిషికి పేరు పెడితే తెలుస్తుంది, ఆ పేరుతో తనను పోల్చుకుంటాడు, మారతాడు, అతను మారినందుకు ఆ పేరు అర్థమూ మారుతుంది. నాన్‌బైనరీ అన్న గడి లేని రోజుల్లో నాన్‌బైనరీ పిల్లలు ఎందరన్న ప్రశ్నకు అర్థమే లేదు. కాని గడి కనబడినంత మాత్రాన ఎవరూ అలా అయిపోరు. మావోరీ మాటలు న్యూజిలాండ్ ప్రశ్నాపత్రం కంటే ముందే ఉన్నాయి, పత్రం వాటిని గుర్తించిందంతే. హ్యాకింగ్ చెప్పింది వర్గాలన్నీ కల్పితాలని కాదు. మనుషుల్ని వర్గీకరించేవాడు తన వర్గాలు వాళ్ల జీవితంలోకి దిగుతాయన్న సంగతి లెక్కలో ఉంచుకోవాలని మాత్రమే.

ఎవరు నువ్వు అన్న ప్రశ్నను నిలదీసిన మనిషి మహాభారతంలోనే ఉంది. శాంతిపర్వంలో సులభ అనే భిక్షుకి మిథిల రాజు జనకుడి సభకు వస్తుంది. నువ్వెవరు, ఎవరి దానివి, ఎక్కణ్ణుంచి వచ్చావని రాజు అడుగుతాడు, ఆడదానివై ఇలా రావచ్చునా అని దెప్పుతాడు. సులభ వెంటనే జవాబివ్వదు. ముందు మంచి వాక్యానికి ఉండవలసిన లక్షణాలు ఐదు చెబుతుంది: సౌక్ష్మ్యం, సాంఖ్యం, క్రమం, నిర్ణయం, ప్రయోజనం. ఆ తర్వాత దేహం క్షణక్షణం మారే భూతాల కూడిక అని వివరించి, ముక్తుణ్ణని చెప్పుకునే రాజుకు ఇవతలి మనిషి ఎవరన్న ప్రశ్న ఎందుకు పుట్టిందని ఎదురడుగుతుంది. ఆత్మకు స్త్రీపుంభేదం లేదన్న ఉపనిషత్తుల మాటతో ఇది కలుస్తుంది, శ్వేతాశ్వతరంలో ఆ భావం స్పష్టంగా ఉంది. అయితే ఆత్మకు లింగం లేదన్న మాటతో సర్వేలన్నీ అక్కర్లేదనడం తేలిక వేదాంతం. బళ్లో మరుగుదొడ్డికి వెళ్లలేక మధ్యాహ్నందాకా నీళ్లు తాగని పిల్లకు కష్టం వ్యవహారంలోనే ఉంది, పరమార్థంలో కాదు. సులభ మాటల్లో సర్వేలవాళ్లు ఏరుకోవలసింది ఆ ఐదో లక్షణం. దేనికి అడుగుతున్నావో తేలితే ఏమని అడగాలో తేలుతుంది. విరాటుడి ప్రయోజనం వేరు, ఫసలీ చట్టం ప్రయోజనం వేరు, బడి నర్సు ప్రయోజనం వేరు. మూడింటికీ పనికొచ్చే నిఖార్సైన అంకె ఎక్కడో దాగి ఉందనుకోవడమే భ్రమ.

భారతదేశంలో ఈ భ్రమకు గట్టి ఉదాహరణ 2011 జనగణన. మొదటిసారి పురుషుడు 1, స్త్రీ 2 తర్వాత ఇతరులు 3 అని కోడ్ ఇచ్చారు. 4,87,803 మంది లెక్కకు వచ్చారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. మొత్తంలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. రెండేళ్ల పసివాడు తన జెండర్ గుర్తింపు ఏమిటో ఎన్యూమరేటర్‌కు చెప్పి ఉండడు. తల్లో తండ్రో చెప్పింది రాశారు. పుట్టుకలో శరీరం తేడాగా ఉన్న పిల్లలు కొందరు, రాసేటప్పుడు దొర్లిన తప్పులు కొన్ని అందులో ఉండి తీరాలి. పెద్దల గుర్తింపు, పిల్లల శరీరం, గుమాస్తా పొరపాటు మూడూ ఒకే అంకెలో కలిసిపోయాయి. కెనడా 2021 జనగణన పుట్టినప్పటి లింగం, ఇప్పటి జెండర్ విడివిడిగా అడిగి, పదిహేనేళ్లు దాటినవాళ్లలో 0.33 శాతం ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ అని తేల్చింది. అక్కడా చాలా ఇళ్లలో అందరి తరఫునా కాగితం నింపింది ఒక్కరే. పదహారేళ్ల పిల్లాడు ఇంట్లో ఇంకా చెప్పుకోని సంగతి తండ్రి నింపే కాగితంలో ఎలా వస్తుంది?

తెలుగులో ఈ ఇబ్బంది క్రియాపదంలోనే బయటపడుతుంది. నేను వచ్చాను అనే పిల్ల ఆడో మగో చెప్పనక్కర్లేదు. అదే పిల్ల గురించి తల్లి మాట్లాడాలంటే వచ్చాడు, వచ్చింది అని నోరు తెరిచేసరికే తేల్చేయాలి. పిల్లల్నే అడగడానికి మన భాష అనువైనది, వాళ్ల తరఫున ఇంకొకరిని అడగడానికి కాదు. సెక్స్‌కూ జెండర్‌కూ రెంటికీ లింగం అనే రాసే మన దరఖాస్తు ఫారాల భాషతో రెండు మెట్ల ప్రశ్న అడిగితే మాత్రం న్యూహామ్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పుట్టినప్పుడు ఆస్పత్రిలో నిన్ను ఆడపిల్ల అని రాశారా, మగపిల్లాడని రాశారా? ఇప్పుడు నీకు నువ్వు ఎలా అనిపిస్తావు: అమ్మాయి, అబ్బాయి, రెండూ, రెండూ కాదు, ఇంకా తేల్చుకోలేదు? తొమ్మిదో తరగతికి ఇంతకంటే శాస్త్రీయమైన భాష అక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్ అన్న మాట తెలుగు పత్రికల్లో ఎక్కువగా హిజ్రాల గురించే వాడుతున్నారు. అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా బతకాలనుకునే విద్యార్థి ఆ మాటలో తనను చూసుకోలేడు. ఎల్లమ్మకు అంకితమైన జోగప్పల సంగతి ఇంకా భిన్నం. తమ స్త్రీత్వం దేవత పిలుపు వల్ల వచ్చిందని చెప్పేవాళ్లకు, నీకు నువ్వు ఎలా అనిపిస్తావన్న ప్రశ్న సగమే అందుతుంది. అక్కడ నిర్ణయించింది అమ్మవారు. లోపలి ఎరుకే గుర్తింపుకు మూలమన్న ఊహ కూడా ఒక సంప్రదాయం నుంచి వచ్చినదేనని ఈ ఒక్క ఉదాహరణ గుర్తుచేస్తుంది.

ప్రయోజనం దృష్టితో చూస్తే కొన్నిచోట్ల గుర్తింపును అడగడమే అనవసరం. బళ్లో ఎవరిని ఏడిపిస్తారన్నది, ఆ పిల్లలు తమను తాము ఏమనుకుంటారన్నదానికంటే తోటివాళ్లకు ఎలా కనబడతారన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. నడక, గొంతు, బట్టలు చూసి క్లాసులో నిన్ను ఆడపిల్లలా ఉన్నావంటారా, మగపిల్లాడిలా ఉన్నావంటారా అని అడిగే ప్రశ్నలు అమెరికా సర్వేల్లో ఇప్పటికే ఉన్నాయి, వేధింపుల అధ్యయనానికి అవే నేరుగా పనికొస్తాయి. హార్మోన్ చికిత్స అవసరం ఎందరికన్నది తెలియాలంటే వేదనను అడగాలి. పథకాలకు, హాస్టల్ గదులకు అంకె కావాలంటే రెండు మెట్ల ప్రశ్న తప్పదు, దానితోపాటు ఒక బడిలో ఒకరో ఇద్దరో ఉన్నచోట ఆ అంకెను బయటపెట్టకుండా ఆపే నియమమూ తప్పదు. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు తర్వాత అక్కడి సమాఖ్య సర్వేల నుంచి జెండర్ గుర్తింపు ప్రశ్నలు తొలగించడం మొదలైంది. ఒకే దేశంలో కొద్ది ఏళ్ల తేడాతో అడిగేవాళ్ల ప్రయోజనం మారింది, ప్రశ్నే పోయింది.

చివరగా మిగిలేది, తెలియదు అని టిక్కు పెట్టిన కాగితాలను ఏం చేయాలన్న పని. విశ్లేషణ దగ్గరకు వచ్చేసరికి సంఖ్య చాలదని కొందరు వాటిని అవునన్నవాళ్లతో కలిపేస్తారు, కొందరు సమాచారం లేదన్న పద్దులో వేసి లెక్కలోంచి తీసేస్తారు. మొదటి పద్ధతిలో తేల్చుకోని పిల్లలను మనమే తేల్చేస్తున్నాం. రెండో పద్ధతిలో, న్యూజిలాండ్ లెక్కలను బట్టి, రూఢిగా చెప్పినవాళ్లకు రెట్టింపు మందిని పోగొట్టుకుంటున్నాం. ప్రశ్న అర్థం కాలేదన్నవాళ్లను, ఇంకా తేల్చుకోలేదన్నవాళ్లను వేర్వేరు వరసల్లో ఉంచి, ప్రతి పట్టికలోనూ వాళ్ల సంఖ్య విడిగా అచ్చువేయడానికి అయ్యే ఖర్చు రెండు నిలువు గళ్లు.